చప్పుడు లేని తుపాకీ

నలభై ఆరేళ్ళ వయసులో నేను తుపాకీ కొనుక్కున్నాను.

నిజం తుపాకీ కాదు. బ్యాటరీతో నడిచేది, బఠాణీ గింజంత ప్లాస్టిక్ గుళ్ళు పేల్చేది, పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకు మాత్రమే అమ్మేది. మా దేశపు సైనికులు వాడే ఎనభై తొమ్మిదో రకం రైఫిలుకు అచ్చుగుద్దిన నకలు. ఎవరో ఐదారేళ్ళు వాడి, విసుగొచ్చి, ఇసోజాకి అనే కుర్రాడి ఆటతుపాకుల దుకాణంలో ఇచ్చేసి పోయిన పాత సరుకు. ఇంటికి తెచ్చిన రోజు మా ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు. చూసి, రాత్రికి వంటేమిటని అడిగాడు. ఆయనతో నాకు ఎప్పుడూ పేచీ లేదు.

మాది యాచిమాత అనే ఊరు. స్టేషను వెనక వీధిలో కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు నాది. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. రోజంతా పాడైన మిషన్ల ముందు తల వంచుకు కూర్చునే మనిషికి ఆదివారం వచ్చేసరికి ఎక్కడికైనా పరుగెత్తాలనిపిస్తుంది. నా స్నేహితురాళ్ళు ఈతకు పోయారు, హూలా నాట్యానికి పోయారు. నేను ఊరి బయట కొండమీది తోపులో పొదల కింద పాకడానికి పోయాను.

ఆట తేలికే. రెండు జట్లు, ఎర్ర పట్టీ, పసుపు పట్టీ. ఒంటికి ఎక్కడ గుండు తగిలినా గట్టిగా "హిట్" అని చెయ్యెత్తి, నడుచుకుంటూ హద్దుగా కట్టిన తాడు అవతలికి వెళ్ళిపోవాలి. తగిలినట్టు చూపించే మిషనేదీ ఉండదు. ఆట పెద్దలు ఇద్దరు ఈల మెడలో వేసుకుని తిరుగుతారు గానీ వాళ్ళకు మాత్రం ఏం కనబడుతుంది? తగిలిందో లేదో చెప్పేది తగిలినవాడే. కొట్టినవాడికి మాట్లాడే హక్కు లేదు. అవతలివాడు హిట్ అనలేదంటే, కళ్ళారా చూసినా సరే, నీ గుండు తగల్లేదు, అంతే. ఇంకో నియమం కూడా ఉంది. చెయ్యెత్తి నడిచేవాడు చచ్చినవాడితో సమానం గనక తాడు దాటేదాకా నోరు మెదపకూడదు. నాలాంటి దానికి ఇదే అన్నిటికన్నా కష్టం.

ఇక కుసునోకి గారు. రిటైరైన బస్సు డ్రైవరు, అరవై నాలుగేళ్ళు, మనిషి సన్నగా నిటారుగా ఉంటారు. ఎప్పుడూ మాకు అవతలి జట్టే. ఒక చెట్టు మొదలు పట్టుకుని గంటసేపు కదలకుండా ఉండగలరు. ఈ మూడేళ్ళలో ఆయన నన్ను ఎన్నిసార్లు బయటికి పంపారో లెక్కపెట్టడం రెండో ఏడే మానేశాను. నేను ఆయన్ని పంపింది ఒక్కసారి కూడా లేదు.

తప్పంతా నా తుపాకీది. లోపల పళ్ళచక్రాలు అరిగిపోయి, మీట నొక్కితే చాలు పల్లీలు ఒలిచే మరలాగా గరగరమని కొండంతా మోగేది. మొదటి గుండు బయటికొచ్చేలోపే ఆయన తల దాచేసుకునేవారు. రెండో గుండుకు నా వైపు తిరిగేవారు. మూడోది పేల్చే అవకాశం నాకెప్పుడూ రాలేదు. తాడు అవతల నీళ్ళు తాగుతుంటే నా పక్కకొచ్చి, ఎంతో మర్యాదగా, "నెగిషి గారూ, ఈ ఏడు పల్లీలు బాగా పండినట్టున్నాయే" అనేవారు. మాది పల్లీల ఊరు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, కడుపు మండుతున్నా.

సెప్టెంబరులో ఒకరోజు ఆట అయ్యాక ఆయన అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. భార్య వాళ్ళ అన్నకు మోకాళ్ళు పోయాయట, ఉత్తరాన ఎక్కడో ఉన్న అకితాలో వాళ్ళ ఆపిల్ తోట చూసుకోవడానికి భార్యాభర్తలిద్దరూ వెళ్ళిపోతున్నారట. నవంబరు రెండో ఆదివారం ఆయనకు ఇక్కడ ఆఖరి ఆట. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. ఒక్కసారైనా ఈ మనిషి చేత హిట్ అనిపించకుండా రైలెక్కనిస్తానా? మూడేళ్ళు బురదలో పొర్లింది దీనికేనా? మర్నాడు కొట్టు తలుపు మీద "మధ్యాహ్నం వరకే" అని బోర్డు పెట్టి తుపాకీని బల్లమీదికెక్కించాను.

విప్పే ముందు ఇసోజాకి ఫోన్లో ఒక జాగ్రత్త చెప్పాడు. అతనికి ముప్ఫై అయిదేళ్ళుంటాయి, నన్ను అక్కా అంటాడు, ఆదివారాలు మా జట్టులోనే ఆడతాడు. గేర్‌బాక్సు లోపల స్ప్రింగు మహా బిగువుగా ఉంటుంది, పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులు లోపలికి దూర్చి విప్పమన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా మిషన్లు విప్పుతున్నదాన్ని, సంచిలో చేతులు పెట్టుకుని దొంగలా విప్పుతానా? మూత లేచీ లేవగానే టప్పుమని స్ప్రింగు కప్పుకు కొట్టుకుంది. గేర్లు బల్లకింద దొర్లాయి. చక్రం వెనక్కి తిరగకుండా ఆపే కొక్కేనికి పెసరగింజంత స్ప్రింగొకటుంటుంది, అది ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. రెండు రోజులు కొట్టంతా ఊడ్చాను. చివరికి దారం బిగువు చూసే స్ప్రింగులు నా డబ్బాలో బోలెడున్నాయని గుర్తొచ్చి, ఒకటి తీసి, కాళ్ళు కత్తిరించి, వంచి పెడితే అతికినట్టు సరిపోయింది. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు. ఈ మాట మా ఆయనతో కూడా చెప్పాను, సరేనన్నాడు.

అక్కడి నుంచి ఇక పండగే. మిషను అరుస్తోందంటే ఎక్కడో ఇనుమూ ఇనుమూ రాసుకుంటోందని అర్థం, అది కుట్టుమిషనైనా తుపాకీ అయినా ఒకటే. గేర్ల మధ్య కాగితం మందాన వాషర్లు వేశాను. ఎక్కువైతే బిగుసుకుపోతాయి, తక్కువైతే అరుస్తాయి. పంతొమ్మిదిసార్లు విప్పి, పంతొమ్మిదిసార్లు బిగించి, ప్రతిసారీ చెవి ఆనించి విన్నాను. పిస్టన్ వచ్చి ఢీకొట్టేచోట పాత మిషను పెడలుకుండే రబ్బరు బిళ్ళ కోసి అంటించాను. మోటారు కొత్తది, తీగలు లావుపాటివి. గేర్‌బాక్సు చుట్టూ, బొంతల్లో కుట్టే దూది పొర కత్తిరించి పొదిగాను. గొట్టం మూతికి ఊలుగుడ్డ చుట్టిన ఇంకో గొట్టం తొడిగాను.

అంతా అయ్యాక ఇసోజాకి దుకాణానికి తీసుకుపోతే అతను వేగం కొలిచి అదిరిపడ్డాడు. గుండు చట్టం పెట్టిన గీత దాటి పరిగెడుతోంది. దాటిన తుపాకీ చేతిలో ఉండటమే మా దగ్గర నేరం. అక్కడికక్కడే విప్పించి, మెత్తటి స్ప్రింగు వేయించి, మళ్ళీ కొలిచి, గీతకు బాగా లోపలున్నాక గానీ నా చేతికివ్వలేదు. తర్వాత దుకాణం వెనక గదిలో కాగితం గురిమీద పేల్చి చూపించాను.

"పేలిందా అక్కా?" అన్నాడు.

"చిల్లు చూసుకో" అన్నాను.

కాగితం దగ్గరికెళ్ళి చిల్లులో వేలు పెట్టి చూశాడు. ఇంకోసారి, ఇంకోసారి అని పదిసార్లు పేల్పించుకున్నాడు. కాగితం చిరిగే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఇద్దరం చిన్నపిల్లల్లా ఒకరి చేతులొకరం పట్టుకుని గెంతాము.

ఆ ఆదివారం రానే వచ్చింది. పొలాల్లో పల్లీ మొక్కలు కుప్పలు వేసి ఆరబెట్టారు, ఆకాశం తేటగా ఉంది, గాలి మాత్రం విసురుగా ఉంది. తోపులో చెట్ల మీంచి దొంగురి కాయలు టపటపా రాలుతున్నాయి, గోళీకాయలంత గట్టివి. ఆట పెద్ద నా తుపాకీ వేగం చూస్తూ, పేలట్లేదే, బ్యాటరీ పెట్టారా అని అడిగాడు. మీటరు మీద అంకె చూపించాను. బుర్ర గోక్కుని, పాసైనట్టు బిళ్ళ అంటించాడు. కుసునోకి గారు అందరికీ తలో ఆపిలూ పంచుతూ నా దగ్గరికొచ్చి, ఈసారి పల్లీలు కోతకొచ్చాయా అని అడిగారు. ఇంకా రాలేదండీ అన్నాను, ఎంతో వినయంగా.

మొదటి ఆటలోనే దొరికారు. నలభై అడుగుల దూరంలో పడిపోయిన దుంగ వెనక, పక్కకు తిరిగి, చెవి నా మర చప్పుడు కోసమే రిక్కించుకుని కూర్చున్నారు. మీట నొక్కాను. తెల్లటి గుండు తిన్నగా వెళ్ళి ఆయన భుజం మీద పడి ఎగిరింది. నా కళ్ళతో చూశాను. ఆయన చెయ్యెత్తారు. ఎత్తి, భుజం దులుపుకుని, దించేశారు.

నేను తేరుకునేలోపు ఆయన దుంగ దాటి అటెటో పోయి మా వాళ్ళిద్దర్ని బయటికి పంపేశారు. రెండో ఆటలో టోపీమీద తగిలింది. ఆయన తలెత్తి చెట్టువంక చూశారు. మూడో ఆటలో వీపు మధ్యలో. వీపు గోక్కున్నారు.

మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద అందరం కర్రీ అన్నం తింటున్నాము. ఇసోజాకికి చెప్పాను, మూడుసార్లు కొట్టాను, మూడుసార్లూ చూశాను అని. తగల్లేదనుకో అక్కా, ఆట పద్ధతి అదేగా అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. రెండు నెలలు కొట్టు సగంపూట మూసుకుని చేసిన పని, పోతే ఇక ఈ ఒక్క పూటే మిగిలింది.

"పెద్దమనిషి, పెద్దమనిషి అంటారు అందరూ" అన్నాను. "జాంబీ."

ఆ మాట మా ఆటలో ఎవరూ పైకి అనరు. గుండు తగిలినా హిట్ అనకుండా నడుస్తూ తిరిగేవాణ్ణి అలా అంటారు. దొంగ అన్నా పడతారు గానీ అది పడరు. అనుమానముంటే ఆట పెద్ద చెవిలో చెప్పాలి తప్ప మనిషి పేరుతో కలిపి నోట రానివ్వకూడదు. ఇసోజాకి మొహం చూసేసరికి నాకు అర్థమైంది. అతను నా భుజం మీదుగా చూస్తున్నాడు. వెనక్కి తిరిగాను. నీళ్ళ కోసం వచ్చిన కుసునోకి గారు ఖాళీ గ్లాసుతో నిలబడి ఉన్నారు. ఒక్క క్షణం నన్ను చూశారు. తర్వాత కొంచెం తల వంచి నమస్కారం చేసి, నీళ్ళు పట్టుకుని, తన ప్లేటు కడుక్కుని వెళ్ళిపోయారు.

కర్రీ చల్లారిపోయింది. మాటకు నాలుగు మాటలనే మనిషిని, ఆ ఒక్కటైనా మింగి ఉండకూడదా అనుకున్నాను. వెళ్ళి కాళ్ళమీద పడదామా అంటే అంత ధైర్యం కూడా లేదు. ఈలోపు ఈల మోగింది.

నాలుగో ఆట మొదలైన అయిదు నిమిషాలకే అవతల నుంచి "హిట్" అని వినబడింది. కుసునోకి గారి గొంతే. చెయ్యెత్తి, తిన్నగా నడుచుకుంటూ వెళ్ళిపోతున్నారు. నేనప్పుడు తుపాకీ మ్యాగజైనులో గుళ్ళు నింపుకుంటున్నాను. ఆయన్ని ఎవరు కొట్టారా అని చూస్తే, దరిదాపుల్లో మా వాళ్ళెవరూ లేరు. సరే, ఎవరో దూరం నుంచి కొట్టి ఉంటారు.

అయిదో ఆటలో ఆయన నాకు బాగా కనబడేంత దగ్గరలోనే ఉన్నారు. నేను గురిపెట్టాను, నొక్కలేదు. మధ్యాహ్నం నుంచి నా వేలికి ప్రాణం లేదు. అప్పుడే గాలి విసిరింది. పై కొమ్మ నుంచి ఒక దొంగురి కాయ రాలి ఆయన టోపీమీద టక్కున పడి గడ్డిలోకి దొర్లింది. ఎంత స్పష్టంగా చూశానంటే, దాని తొడిమ కూడా గుర్తుంది.

ఆయన వెంటనే లేచి నిలబడి "హిట్" అన్నారు. చెయ్యెత్తి నడిచిపోయారు.

నేను గడ్డిలో మొహం పెట్టేసుకున్నాను. మూడేళ్ళుగా నేను వినాలని తహతహలాడిన మాట అది. చెట్టుకు చెప్పాడు ఆ మనిషి. ఆయన ఆఖరి రోజు ఆటను నా నోటితో నేనే పాడుచేశాను. నేనూ చెయ్యెత్తి, లేచి తాడు దగ్గరికి నడిచాను. ఎవరి గుండూ తగలకుండా బయటికి పోవడం అదే మొదటిసారి. నియమం ప్రకారం నోరు మూసుకునే నడిచాను, తాడు దాటాక తెరిచాను.

ఆయన బల్లమీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. నేను ఎదురుగా వెళ్ళి నడుము దాకా వంగాను.

"కుసునోకి గారూ, ఇందాక మీకు తగిలింది గుండు కాదండీ. దొంగురి కాయ. నేను చూశాను."

"అయ్యుంటుంది" అన్నారు ఆయన.

"మరి హిట్ అన్నారెందుకు?"

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "నాకు తేడా తెలియట్లేదు నెగిషి గారూ. జాకెట్టు మందం, ఒళ్ళు ముసలిది. మూడేళ్ళుగా తుపాకీ మోగడం విన్నాకే తగిలిందో లేదో చూసుకోవడం అలవాటు. పొద్దున ఏ మోతా వినలేదు, కాయలే అనుకున్నాను. మీరన్నది విన్నాక భయమేసింది. తెలియనప్పుడు తగిలిందనుకోవడమే మేలని, ఏది తగిలినా లేచిపోతున్నాను." అప్పుడు అడిగారు. "పొద్దున ఎన్నిసార్లు?"

"మూడు" అన్నాను. "ఆ మాట అనకూడనిది. నా నోరు మంచిది కాదు. నన్ను క్షమించండి."

"మూడా" అన్నారు ఆయన. కోపం రాలేదు సరికదా, కళ్ళు మెరిశాయి. "ఏదీ, ఒకసారి చూపించండి దాన్ని."

చూపించాను. సంచిలో పెట్టి విప్పకపోవడం, స్ప్రింగు పోవడం, దారం స్ప్రింగు, పెడలు రబ్బరు, బొంత దూది అన్నీ చెప్పాను. పంతొమ్మిదిసార్లు విప్పానంటే వేళ్ళమీద లెక్కపెట్టినట్టు తలాడించారు. బస్సు గేరు పెట్టెలు ముప్ఫై అయిదేళ్ళు చేత్తో విన్న మనిషి, వాషర్ల సంగతి నేను చెప్పకముందే అడిగారు. గురి బల్ల దగ్గరికి తీసుకెళ్ళి పేల్చి చూశారు. ఏమీ వినబడలేదు. దూరంగా రేకు డబ్బా మాత్రం టింగుమని ఊగింది. ఆయన తుపాకీ తిప్పి చూసి, మళ్ళీ పేల్చి, మళ్ళీ పేల్చి, చివరికి బల్లమీద తల ఆనించి నవ్వారు. కళ్ళద్దాల కింద నీళ్ళు తుడుచుకునేంత నవ్వు. నాకూ ఆగలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు.

"పాడు పని చేశారండీ" అన్నారు తుడుచుకుంటూనే. "ఇంత గొప్పగా చేసి, ఎవరికీ తెలియకుండా చేసుకున్నారు."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆఖరి ఆటకు పావుగంట ఉంది. దూది పీకేద్దామా, మూతి గొట్టం ఊడదీద్దామా అనుకున్నాను. స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాను కూడా. పంతొమ్మిదిసార్లు చెవి ఆనించి విన్న మిషనుకు మళ్ళీ నేనే జబ్బు తెప్పించాలా? మనసొప్పలేదు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టేశాను.

ఆఖరి ఆట. ఎండ వాలిపోయి తోపంతా ఎర్రగా ఉంది. మొదట జాగ్రత్తగా పాకాను. మోకాళ్ళ కింద ఆకులు కూడా చప్పుడు చెయ్యకుండా, ఇరవై నిమిషాలు. ఆయన పాత చోటే, దుంగ వెనకే ఉన్నారు. చెవి ఇటు, కళ్ళు అటు. పైనుంచి కాయలు రాలుతూనే ఉన్నాయి. ఒకటి ఆయన చేతిమీద పడింది. ఆయన ఉలిక్కిపడి, లేద్దామా వద్దా అన్నట్టు సగం లేచారు. ఇక చూడలేకపోయాను.

తుపాకీ భుజానికి ఆనించి, గురి చూసి, కడుపులో గాలంతా పోగుచేసి అరిచాను.

"కుసునోకి గారూ, నెగిషిని. కొడుతున్నాను."

కొండంతా వినబడింది. ఎక్కడో ఇసోజాకి, ఓరి నాయనో అన్నాడు. అవతలి జట్టులో పదిమంది నా వైపు తిరిగి ఉంటారు. కుసునోకి గారు మెరుపులా ఇటు తిరిగారు. తుపాకీ లేచింది. ఆయనది పేలింది, నా చెవి పక్క చెట్టు బెరడు లేచింది. నేనూ నొక్కాను. నాది పేలిన సంగతి నా భుజానికి తప్ప ఎవరికీ తెలియలేదు.

తెల్లటి గుండు వెళ్ళి ఆయన గడ్డం కింద, మెడమీద, కాలరుకు కాస్త పైన తగిలింది.

"హిట్" అన్నారు కుసునోకి గారు.

ముప్ఫై అయిదేళ్ళు స్టాపుల పేర్లు మైకులో చెప్పిన గొంతది. తోపు అవతల రోడ్డుమీద పోయేవాళ్ళకు కూడా వినబడి ఉంటుంది. చెయ్యి నిటారుగా ఎత్తి, దుంగ వెనక నుంచి నిలబడ్డారు. నేను కూడా లేచి నిలబడ్డాను. ఆట మధ్యలో ఉన్నానని, నా చుట్టూ పదిమంది తుపాకులు నా వైపే తిరిగి ఉన్నాయని అప్పుడు గుర్తులేదు. వెంటనే వీపుమీద నాలుగు, పిర్రమీద ఒకటి తగిలాయి. చాలా నొప్పి పుట్టింది. నేనూ హిట్ అని చెయ్యెత్తాను, ఎత్తి గెంతాను.

ఇద్దరం పక్కపక్కన చేతులు పైకెత్తుకుని తాడు వైపు నడిచాము. చచ్చినవాళ్ళం గనక మాట్లాడకూడదు. ఆయన పెదాలు బిగబట్టుకున్నారు గానీ భుజాలు ఎగురుతూనే ఉన్నాయి. నాకు ముక్కులోంచి వింత చప్పుళ్ళు వస్తున్నాయి. దారిలో ఎదురైన ఆట పెద్ద మా ఇద్దర్నీ అనుమానంగా చూశాడు. నవ్వు గురించి నియమంలో ఏమీ లేదు.

తాడు దాటిన మరుక్షణం ఆయన జాకెట్టు కాలరు కిందికి లాగి మెడ నా వైపు తిప్పారు. ఎర్రగా, గుండ్రంగా, చొక్కా గుండీ అంత మచ్చ.

"తొందరగా ఫొటో తియ్యండి" అన్నారు. "రేపటికి పోతుంది. అకితాలో కొత్త జట్టువాళ్ళకు చూపించాలి."

ఆయన ఫోను తీసుకున్నాను. నవ్వు ఇంకా ఆగలేదు. మొదటి రెండు ఫొటోలు చెదిరిపోయాయి. మూడోసారి ఆయన గడ్డం ఇంకాస్త పైకెత్తి, ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడ్డారు.